పక్క గళ్లు

కంప్యూటర్ లెక్క ముగించగానే ఆమె తెరను అరచేత్తో మూసేది. జవాబు ఎలా ఉండాలో ముందు తను పైకి చెప్పి, అప్పుడు చెయ్యి తీసేది. పనిచేసేచోట ఆమె పేరు అరచెయ్యక్క. కొలతలు తీసే అతను, సోది మొదలైందా అక్కా అని ఏడిపించేవాడు. ఆమె నవ్వేది. చెయ్యి మాత్రం తీసేది కాదు.

ఆమె పని యాంటెన్నాలు. ఇళ్ల మీద కనిపించే గిన్నెల్లాంటివి కావు. పుస్తకం అట్టంత పలక, దాని మీద వరసలుగా రాగి గళ్లు. గడి కొలత కొంచెం మారితే రేడియో తరంగం కొంచెం వంగుతుంది. గళ్లన్నీ కలిసి దాన్ని కావలసిన వైపు పంపుతాయి. అన్నిటినీ ఒకేసారి లెక్కకట్టాలంటే వారాలు పడతాయి. అందుకని ఆమె ఒక్క గడినే గీసి, చుట్టూ అలాంటివే అంతులేకుండా ఉన్నాయని కంప్యూటర్‌కు చెప్పేది. అందరూ చేసేదే.

పలక తయారై వచ్చాక కొలిస్తే, తరంగం లెక్కలో ఉన్నంత బలంగా లేదు. పలక పదార్థం గుణానికి లెక్కలో ఇచ్చిన అంకెను కాస్త సవరించమన్నాడు కొలతలతను. సవరించింది. కొలత గీత మీద లెక్క గీత సరిగ్గా పడింది. పెద్దసారు సంతోషించి, ఇదే లెక్కతో గీసిన పెద్ద పలక బొమ్మలు రేపు తయారీకి పంపేయమన్నాడు. దాని ఖర్చుకు పెద్ద పలక ఒక్కసారే చేయించగలరు.

తరంగాన్ని ఇంకా ఏటవాలుగా పంపే చిన్న పలక ఇంకొకటి, ముందే కొలిచి పెట్టింది, ఉంది. సవరించిన అంకెతో దాని లెక్క కూడా నడిపింది. ఇక్కడ లెక్క కొలతతో కుదరదు అంది. చెయ్యి తీసింది. కుదరలేదు.

ఆ సాయంత్రం భర్త గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి చెప్పింది. పలక మీద ఏ గడీ పక్క గడిలా లేదు. తను మాత్రం అన్నీ ఒకటే అనుకుంది. అంకె సవరించి, ఆ తప్పు మీద దుప్పటి కప్పింది.

"అంటే వీధి నిండా నీలాంటివాళ్లే ఉన్నారనుకున్నావన్నమాట. నాకు ఒక్కరితోనే ఊపిరాడట్లేదు."

"వేళాకోళం కాదు. చెబితే ఈ పని నా చేతిలోంచి తీసేస్తారేమో."

"చెప్పకపోతే?"

"పెద్ద పలక పాడవుతుంది."

అతను గిన్నె బోర్లించాడు.

మర్నాడు పొద్దున ఆమె నేరుగా పెద్దసారు గదికి వెళ్లింది.

"నా లెక్క తప్పు సార్. బొమ్మలు పంపొద్దు."

ఎన్నాళ్లు పడుతుందని ఆయన అడిగాడు. తెలియదంది. పని తనకే ఉంచుతాడో లేదో ఆయన చెప్పలేదు. ఆమె తన కుర్చీలోకి వచ్చి, సవరించిన అంకెను కొట్టేసింది. ఒక గడి గీసింది. దాని చుట్టూ పక్క గళ్లను, ఒక్కోదానికి దాని అసలు కొలత ఇస్తూ, గీయడం మొదలుపెట్టింది.