అమ్మ తిప్పిన డిష్

ఇవాళ తాడేపల్లిగూడెంలో ఒక మేడ మీద తుప్పు పట్టిన టీవీ డిష్ చూశాను. మీ ఇంటి మీదా ఉండేది కదా?

మా చిన్నప్పుడు పెంటపాడులో మా వీధంతా కేబులే. గాలేస్తే చాలు బొమ్మ పోతుందని అమ్మ పట్టుబట్టి డిష్ పెట్టించింది. నాన్నకు ఇష్టం లేదు.

క్రికెట్ ఫైనల్ రోజున గాలివానకు కొబ్బరిమట్ట పడి కేబుల్ వైరు తెగింది. మా డిష్ కూడా పక్కకు తిరిగిపోయింది.

"మెకానిక్ రేపొస్తాడట," అన్నారు నాన్న.

వాన తగ్గగానే అమ్మ కొంగు దోపుకుని మేడెక్కి, డిష్‌ను కొద్దికొద్దిగా తిప్పింది. నేను కిటికీలోంచి "ఇంకా రాలేదమ్మా" అంటూనే ఉన్నాను. చివరికి "వచ్చిందమ్మా, ఇక కదపకు" అని అరిచాను.

కాసేపటికి వీధి వీధంతా మా హాల్లో ఉంది. "ఏవండీ, మనమూ డిష్ పెట్టిద్దామండీ," అన్నారు పక్కింటి పిన్నిగారు వాళ్ళాయనతో.

నాన్న తన పడక్కుర్చీ అమ్మకిచ్చి, నేల మీద కూర్చున్నారు.