ముప్పై రెండు అడుగుల దూరం

నిన్న మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న జూమ్ లెన్సు. అట్టపెట్టె విప్పి, చుట్టిన కవర్లన్నీ లాగేసి, వెనక మూత తిప్పి ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వానలు వెలిశాక తలుపు తీసిన బీరువా వాసన వచ్చింది. వెంటనే మూత బిగించేశాను. అన్నం తింటున్న మా ఆయన చూసి, "అదేంటే, ఆవకాయ జాడీనా వాసన చూడ్డానికి?" అని నవ్వారు. "ఆవకాయకి బూజు పడితే పైపైన తీసి పారేస్తాం. లెన్సుకి లోపల పడితే లెన్సే పారెయ్యాలి" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది, ఆ మాట నాది కాదు. అనంతలక్ష్మిగారిది.

మండపేటలో, రైస్ మిల్లుల వైపు తిరిగే మలుపులో ఆవిడకి ఫొటో స్టూడియో ఉండేది. మాదీ ఆ ఊరే. మా నాన్న మిల్లు లారీ నడిపేవారు. డిగ్రీ అయ్యాక ఖాళీగా కూర్చున్న నన్ను, ఆల్బమ్‌లు కంప్యూటర్లో పేర్చడానికి ఆవిడ పెట్టుకున్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే చేతికి కెమెరా ఇచ్చారు. నలభై అయిదేళ్ళ మనిషి. వాయిలు చీర, కాళ్ళకి కాన్వాసు బూట్లు, భుజాన బరువైన సంచీ. మర్యాద మాట్లాడ్డంలో మా గోదావరి వాళ్ళకే పాఠం చెప్పగలరు. దారికి అడ్డంగా పడుకున్న కుక్కని కూడా "కాస్త జరగండి బాబూ" అనేవారు. స్టూడియో ఆవిడ భర్తది. ఆయన చిన్న వయసులోనే పోతే, ఆయన కెమెరాతోనే పని నేర్చుకుని నిలబెట్టుకున్నారు.

పెళ్ళి ఫొటోలు ఒప్పుకున్నారంటే ముందురోజు సాయంత్రమే హాలుకి వెళ్ళేవారు. పెళ్ళిపీటలు ఎక్కడ వేస్తారో అడిగి, అక్కణ్ణుంచి వెనక గోడ దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవారు. పెద్ద హాలు ముప్పై రెండు అడుగులు, చిన్నది ఇరవై, తోటలో పందిరి అయితే ఇంకా ఎక్కువ. పెళ్ళి రోజున ముహూర్తం దగ్గరపడగానే పొడుగు లెన్సు తగిలించుకుని ఆ చివరికి వెళ్ళి నిలబడేవారు. దగ్గర ఫొటోలు నా వంతు. మొదట్లో అదంతా పనిమంతుల పద్ధతి అనుకున్నాను. నా తెలివి అంతే మరి.

రామచంద్రపురం దగ్గర ఒక పల్లెలో పెళ్ళి. అడ్డుతెర పట్టుకునే వేళకి పెళ్ళికూతురి మామ్మగారు నా దగ్గరకొచ్చి, "ఆ ఫొటోలావిణ్ణి కాసేపు ఎడంగా ఉండమనమ్మా. శుభమా అని ముహూర్తం జరుగుతుంటే ఎదురుగా ఎందుకూ" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయాను. ఎప్పుడొచ్చారో గానీ అనంతలక్ష్మిగారు వెనకనుంచి నా జబ్బ పట్టుకున్నారు. "ఎడంగానే ఉంటానండి మామ్మగారూ. ముప్పై అడుగులు. నిన్ననే కొలుచుకున్నాను" అని నవ్వుతూ చెప్పి, సంచీ తీసుకుని వెనక్కి వెళ్ళిపోయారు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. ఆవిడ దాచలేదు. "ఆయన పోయిన ఏడాది మొదటిసారి ఒక పెళ్ళి ఫొటోలు ఒప్పుకున్నాను. జీలకర్ర బెల్లం పెట్టే టైముకి నన్ను పక్క గదిలో కూర్చోమన్నారు. గట్టిమేళం వినపడింది, ఫొటో లేదు. ఆల్బమ్ తీసుకెళ్తే పెళ్ళికూతురి తండ్రి ఏమన్నాడో తెలుసా? 'ముహూర్తం ఫొటోయే లేని ఆల్బమ్ మాకెందుకండి' అన్నాడు. గదిలోకి పంపిందీ వాళ్ళే, ఫొటో ఏదని అడిగిందీ వాళ్ళే!"

"మీకు కోపం రాలేదాండి?"

"ఎందుకు రాదూ, బాగా వచ్చింది. వారం రోజులు అన్నం సయించలేదు. ఎనిమిదో రోజు రాజమండ్రి వెళ్ళి పాత జూమ్ లెన్సొకటి కొనుక్కొచ్చాను. అప్పట్నుంచీ ఎవరైనా వెనక్కి వెళ్ళమనేలోపే నేను వెనకుంటున్నాను" అన్నారు. "అన్యాయం కదాండి" అంటే, "అన్యాయమే. న్యాయమని నేనెప్పుడన్నానూ?" అన్నారు.

రెండేళ్ళకి నా చేత సొంతంగా పెళ్ళిళ్ళు తీయించడానికి సిద్ధమయ్యారు. నాకూ ఒక పొడుగు లెన్సు కావాలి. కూడబెట్టింది ముప్పై వేలు. కొత్తది, డెబ్బై నుంచి మూడొందల మిల్లీమీటర్ల దాకా లాగేది, పెట్టె మీద అంకె చూసి మనసు పడ్డాను. ఆవిడ బేరం గురించి అడగలేదు. "ఏం తియ్యడానికీ?" అని అడిగారు. పెళ్ళిళ్ళకేనండి అన్నాను. "నువ్వు పీటల దాకా వెళ్ళొచ్చు కదే. నన్ను ఆపారు కాబట్టి నేను కొన్నాను. నిన్నెవరు ఆపుతారు?" అన్నారు. ఉన్నమాట చెప్పాను. "నేను దగ్గర్నుంచి తీస్తే అందరూ బిగుసుకుపోయి కెమెరా వంక చూస్తారండి. మీ ఫొటోల్లో వాళ్ళు వాళ్ళలా ఉంటారు. పెళ్ళికూతురు తండ్రి చెయ్యి వెతుక్కోవడం మీరు తీశారు. నేను పక్కనే ఉండి చూడలేదు." ఆవిడ టీ పెడతానని లోపలికి వెళ్ళారు. టీ రావడానికి చాలాసేపు పట్టింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ వల్లనుకోవడానికి ఆవిడది గ్యాసు పొయ్యి.

మర్నాటి నుంచి పాఠం మొదలైంది. ముందు ఆవిడ లెన్సుతో తీసిన ఆరు పెళ్ళిళ్ళ ఫొటోలు కంప్యూటర్లో పెట్టి, ఒక్కొక్కటీ ఎంత జూమ్‌లో తీశామో కాగితం మీద రాయించారు. ఆల్బమ్‌లోకి ఎక్కినవన్నీ వందకీ రెండొందలకీ మధ్యే ఉన్నాయి. "మన కెమెరాల్లో బొమ్మ పడే సెన్సర్ చిన్నది. రెండొందలు పెడితే చాలు, ముప్పై రెండు అడుగుల నుంచి ఇద్దరు మనుషులు నిండుగా వస్తారు. మూడొందలు పెడితే ముక్కు ఒకటీ బాసికం ఒకటీ వస్తాయి. ముక్కులు ఎవరికి అమ్ముతావే?" అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ, మూడొందల మీద ఆశ చావలేదు.

రాజమండ్రిలో ఆవిడకి తెలిసిన షాపుకి తీసుకెళ్ళారు. కౌంటర్ మీద రెండు లెన్సులు పెట్టించారు. ఒకటి నేను మనసుపడ్డ కొత్తది. రెండోది పాతది, రెండొందల దాకానే వెళ్తుంది, పైన గీతలు, చేతి వణుకు ఆపే ఏర్పాటు కూడా లేదు. రెండింటికీ అడిగింది దాదాపు ఒకటే ధర. పాతదాన్ని వాసన చూశారు, సెల్ టార్చి వేసి అద్దాల లోపల తెల్లటి దారాల్లాంటి బూజు ఉందేమో వెతికారు, చెవి దగ్గర ఊపి విన్నారు. తర్వాత షాపాయనతో, "ఒక్క ట్యూబ్‌లైటు ఉంచి మిగతావి ఆపండి బాబూ" అన్నారు. నన్ను ఆ చివర నిలబెట్టారు. కొంగు ముడి విప్పారు. దాంట్లో గుప్పెడు పసుపు బియ్యం!

"ఇవి తలంబ్రాలు. తియ్యి" అని నెత్తి మీంచి పోసుకున్నారు. షాపాయన "అయ్యో, మేడంగారూ!" అని లేచి నిలబడ్డాడు. "ఊడ్చి ఇస్తానండి, మీరు కూర్చోండి" అన్నారు. రెండు లెన్సులతోనూ తీయించారు. కొత్తదాంట్లో ముందుకి లాగే కొద్దీ వెలుతురు తగ్గిపోయింది, బియ్యం గీతలు గీతలుగా అలుక్కుపోయాయి. పాతదాంట్లో గింజ గింజా ఆగింది. "పెట్టె మీద పెద్ద అంకె దూరానిది. వెలుగుది పక్కన చిన్నగా ఉంటుంది, దాన్నెవరూ చదవరు. మన హాళ్ళలో వెలుతురెంతుంటుందో నీకు తెలీదూ? పైగా చెయ్యి వణికితే కుర్చీకి ఆనుకోవచ్చు. తలంబ్రాలు పోసేవాళ్ళని ఆగమనలేం కదమ్మా" అన్నారు. పాతదే కొన్నాను. చెప్పిన మాట ప్రకారం చీపురు అడిగి షాపంతా ఊడ్చారు కూడా.

ఇంత చదువూ చదివి ఇంటికొచ్చి నేను చేసిన నిర్వాకం వినండి. ఆ వారం ముసురు పట్టింది. లెన్సుకి తేమ తగులుతుందేమోనని బెంగపెట్టుకుంటే, మా అమ్మ, "నీళ్ళలో పడ్డ ఫోన్లని బియ్యంలో పెట్టట్లేదూ?" అంది. మిల్లు మీద బతికే ఇల్లు మాది, బియ్యానికేం కరువు. తల్లీకూతుళ్ళం కలిసి పాతిక వేలు పైబడ్డ లెన్సుని బియ్యం డ్రమ్ములో పీకల్దాకా పాతిపెట్టాం. మూడోరోజు తీస్తే జూమ్ తిప్పినప్పుడల్లా కరకరమంటోంది. తవుడు! అనంతలక్ష్మిగారు చిన్న కుంచె పెట్టి పూటంతా దులిపారు. తిడతారనుకుంటే, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. "పురుగు పట్టకుండా వేపాకు కూడా వేశారా?" అని అడిగారు. వేశాం. ఆ సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేదు.

మరో రెండేళ్ళకి నాకు పెళ్ళి కుదిరింది. ఆలమూరు దగ్గర వ్యవసాయం చేసుకునేవాళ్ళు. ముందురోజు అమ్మతో చెప్పాను, అనంతలక్ష్మిగారు పీటల దగ్గరే ఉండాలని. అమ్మ మొహం మారిపోయింది. "నాకేం పట్టింపు లేదే తల్లీ. రేపు నీకు కాలిలో ముల్లు గుచ్చుకున్నా అందరూ నన్నంటారు" అంది. అమ్మ మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. ఇటు ఆవిడేమో, "నా చోటు నాకుంది. అక్కణ్ణుంచే నువ్వు బావుంటావు" అని అడుగులు లెక్కపెట్టుకోవడానికి హాలుకి బయల్దేరారు. ఎవరికీ ఎదురు చెప్పలేకపోయాను. పక్కవాళ్ళ పెళ్ళిలో ఉన్న పౌరుషం నా పెళ్ళిలో ఏమైపోయిందో తెలీదు.

ముహూర్తం వచ్చింది. తెర దించారు. చేతిలో జీలకర్ర బెల్లం ముద్ద. ఎదురుగా పెళ్ళికొడుకుంటే, నా కళ్ళు ఆయన్ని దాటి హాలు చివరికి పోయాయి. కుర్చీకి ఆనుకుని, ఒక కన్ను మూసుకుని, ఆవిడ. నాకు ఏడుపు ఆగలేదు. అందరూ పెళ్ళికూతురి ఏడుపే అనుకున్నారు. అమ్మ ఒక్కతే నేనెటు చూస్తున్నానో చూసింది. అక్షింతల పళ్ళెం చేత్తో అలాగే పట్టుకుని మెట్లు దిగింది. కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ ఆ చివరి దాకా వెళ్ళింది. ఆవిడ తల అడ్డంగా ఊపడం కనిపించింది. అమ్మ ఏం చెప్పిందో ఇప్పటికీ ఇద్దరూ నాకు చెప్పరు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసింది. ఎవరో "ఏంటిదీ" అన్నారు. మా అమ్మ తిరిగి చూడలేదు. పంతులుగారు "కానివ్వండమ్మా, ఘడియ దాటిపోతోంది" అన్నారు. గట్టిమేళం మోగింది.

ఆవిడ కెమెరా ఎత్తారు. పొడుగు లెన్సు అంత దగ్గరగా ఉన్నవాళ్ళని పట్టుకోలేదు. ముందుకీ వెనక్కీ గిరగిరా తిరుగుతూనే ఉంది. ఇంకో అడుగు వెనక్కి వేస్తే సరిపోయేది. మా అమ్మ చెయ్యి వదల్లేదు. అప్పుడు ఆవిడ కెమెరాని పక్కకి వేలాడేసుకుని, పళ్ళెంలోంచి గుప్పెడు అక్షింతలు తీసుకుని మా ఇద్దరి నెత్తినా పోశారు. నా పాపిట్లో తగిలిన ఆ వేళ్ళ చల్లదనం ఇప్పుడు తలుచుకున్నా నాకు తెలుస్తుంది.

ముహూర్తం ఫొటో పోయిందని తర్వాత నేను దిగులుపడితే, "కావాలంటే ఇంకోసారి చేసుకో, తీస్తాను" అన్నారు. ఇప్పుడు ఆవిడ తునిలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు, దొడ్లో కూరగాయలు పండిస్తున్నారు. స్టూడియో నాకిచ్చేశారు. పెళ్ళి ఒప్పుకునేటప్పుడు నేను అడ్వాన్సు కంటే ముందు ఒక మాట అడుగుతాను, "ముహూర్తం వేళ మీవాళ్ళలో ఎవరు వెనక నిలబడతారండి?" అని. కొందరు తడబడతారు. కొందరు పేరు చెప్తారు. ఆవిణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టండి, నాకు ఫొటోకి కావాలి అంటాను. ఫొటో కోసమంటే ఎవరూ కాదనరు.

మా పెళ్ళికి వచ్చినవాళ్ళ ఫోన్లలో ఆ క్షణం ఉందేమోనని అందర్నీ అడిగి తెప్పించాను. పదిహేను ఫొటోలు వచ్చాయి. వాటిలో ఒక్కదాంట్లోనూ నేను లేను, మా ఆయనా లేరు. అన్నిట్లోనూ మాకు అడ్డంగా, నిండుగా, ఒక వాయిలు చీర వీపు. వాటిలో బావున్నదాన్ని పెద్దది చేయించి స్టూడియోలో తగిలించాను. పెళ్ళి మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళు చూసి, "ఇదేంటండీ, పెళ్ళికూతురే కనపడట్లేదు, ఎవరీవిడ?" అని అడుగుతారు.

"మా ఫొటోగ్రాఫరండి" అని చెప్తాను.