రంగు పొట్లం లేని మంచూరియా

ఆదోని డివిజన్‌లో ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుగా నేను చేరింది ఉద్యోగ విరమణకు నాలుగేళ్ళ ముందు, జూన్ నెల ఒకటో తేదీన. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలతో పాటు మంత్రాలయం, హొళగుంద మండలాలు నా పరిధిలోకి వచ్చేవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మమ్మల్ని ఫుడ్ ఇన్‌స్పెక్టర్లు అనేవారు. చట్టం మారాక పేరు మారింది గానీ పని మారలేదు. తినే వస్తువుల శాంపిల్ తీయడం, సీలు వేయడం, పరీక్షకు పంపడం, తేడా వస్తే కేసు కట్టడం. మా పైన జిల్లాకొక డిజిగ్నేటెడ్ ఆఫీసర్ ఉంటారు. తప్పు దిద్దుకోవడానికి గడువిచ్చే సవరణ నోటీసు జారీ చేసే అధికారం ఆయనది. అందులో ఏం రాయాలో ముసాయిదా తయారుచేసి పంపేది మేము.

చేరిన మరుసటి వేసవిలో ఎమ్మిగనూరు బస్టాండు రోడ్డులోని ఫాస్ట్ ఫుడ్ బండ్ల నుంచి గోబీ మంచూరియా శాంపిళ్ళు తీశాను. అవి సర్వే శాంపిళ్ళు. అంటే పరిస్థితి తెలుసుకోవడానికి తీసేవి. వాటి ఆధారంగా కోర్టుకు వెళ్ళలేం. కేసు కట్టాలంటే సాక్షి ఎదుట నాలుగు భాగాలు చేసి సీలు వేసే లీగల్ శాంపిల్ వేరే తీయాలి. ఆరు బండ్ల నుంచి ఆరు పంపితే ఆరింటిలోనూ వాడకూడని ఎర్ర రంగు ఉందని వచ్చింది.

ఆ ఆరింటిలో బాగా నడిచే బండి ఈరన్నది. ఇరవై ఏళ్ళు మగ్గం నేసి, పని సాగక భార్య సుంకులమ్మతో కలిసి బండి పెట్టుకున్న మనిషి. ఫలితం చెప్పడానికి వెళితే తల వంచుకోలేదు, వాదించనూ లేదు.

"నూలుకు రంగులు అద్దినోణ్ణి మేడమ్, రంగు సంగతి నాకు తెల్దని కాదు. ఎర్రగా లేకుంటే జనం పక్క బండికి పోతారు. రంగు ఎయ్యకుండా ఎర్రగా ఎట్ల సేయాల్నో మీరే సెప్పండి, సేస్తాను" అన్నాడు.

వేయకూడదని చెప్పగలిగాను. ఎలా చేయాలో చెప్పలేకపోయాను. అన్ని ఏళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. డిజిగ్నేటెడ్ ఆఫీసరుకు ఫోన్ చేస్తే, నేను వెళ్ళాల్సి ఉన్న బెంగళూరు శిక్షణ నుంచి తిరిగి రాగానే లీగల్ శాంపిళ్ళు తీసి ఆరుగురి మీదా కేసులు పెట్టమన్నారు.

ఆ శిక్షణ ఐదు రోజులు. బడులకు సెలవులు కావడంతో నా స్నేహితురాళ్ళు ఇద్దరూ నాతో బయలుదేరారు. షమీమ్ ఆదోనిలో ఉర్దూ బడి టీచరు. గిరిజ హొళగుంద మనిషి, ఇంట్లో కన్నడం, మాతో తెలుగు, అంగన్‌వాడీ సూపర్‌వైజరు. పగలు నేను తరగతిలో ఉంటే వాళ్ళు ఊరు చూసేవారు. రోజూ సాయంత్రం తరగతి ముగియగానే ముగ్గురం కలిసి ఎప్పుడూ తినని చోట తినాలని ఒప్పందం. ముగ్గురి తిండీ మూడు దారులు. షమీమ్ హలాల్ అయితేనే మాంసం ముడుతుంది. గిరిజ మాంసం, చేప, గుడ్డు దేనినీ దగ్గరకు రానివ్వదు. నేను ఉద్యోగధర్మంగా అన్నీ రుచి చూస్తాను.

మొదటి రోజు ఒక కఫేకు వెళ్ళాం. ఎత్తు కుర్చీలు, షమీమ్ కాళ్ళు నేలకు అందలేదు. గాజు సీసాలో చల్లటి నల్ల కాఫీ వచ్చింది. గిరిజ ఒక గుక్క తాగి, "ఇది కాఫీనా, కషాయమా?" అంది. ఆకుపచ్చ గుజ్జు రాసిన రొట్టెముక్క కొరికిన షమీమ్, దీనికి ఉప్పూ కారం వేయాలని వీళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదంది. నేను మాత్రం ఫ్రిజ్ మీది ఉష్ణోగ్రత చూస్తూ కూర్చున్నాను. షమీమ్ నా చెయ్యి పట్టి లాగింది. "వసంతక్కా, ఈడ కూడా తనిఖీయేనా? తిను ముందు."

మరునాడు ఇంకో కఫే. అక్కడ దాల్చినచెక్క రొట్టె ముగ్గురికీ నచ్చి రెండోసారి తెప్పించుకున్నాం. నాలుగో రోజు ఒక ఆసియా రెస్టారెంటుకు వెళ్ళాం. థాయ్, వియత్నాం, కొరియా వంటలన్నీ ఒకే మెనూలో. వంటగదికి అడ్డం గాజు పలక మాత్రమే ఉండటంతో వండేవాళ్ళు కనబడుతున్నారు. మోమోలు, బియ్యపు పొరలో చుట్టిన పచ్చికూరల చుట్టలు తిన్నాం. గిరిజ కోసం థాయ్ కూరగాయల సూపు చెప్పాం. మెనూలో దాని పక్కన శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు ఉంది.

గిన్నె వచ్చింది. ఆవిరిలో నిమ్మగడ్డి వాసన, దాని కింద పలుచగా మరో వాసన. గిరిజ చెంచా ఎత్తింది.

"ఆగు గిరిజా" అన్నాను.

అది ఎండుచేప వాసన. సర్వర్ వచ్చి పూర్తి శాకాహారమేనన్నాడు. గిరిజ అతనితో కన్నడంలో, ముప్పై ఏళ్ళుగా చేప ముట్టనిదాన్ని, ఒక్కసారి లోపల అడిగి రమ్మని నెమ్మదిగానే చెప్పింది. వంటగది పెద్ద స్వయంగా వచ్చింది. డార్జిలింగ్ కొండల నుంచి వచ్చిన ప్రేమ అనే ఆవిడ, నలభై ఏళ్ళుంటాయి. ఆమెకు వచ్చింది హిందీ కాబట్టి షమీమ్ మాట్లాడింది. ప్రేమ వాదించకుండా లోపలికి వెళ్ళి, సూపులో కలిపే మసాలా ముద్ద డబ్బా పట్టుకొచ్చి లేబుల్ చదివింది. పాత కంపెనీ సరుకు దొరకక ఆ వారమే కొత్తది తెప్పించారట. అడుగున చిన్న అక్షరాల్లో చేప పేరు ఉంది. ఆమె ముఖం పాలిపోయింది. గిరిజకు చేతులు జోడించి, అప్పటికప్పుడే సర్వర్లను పిలిచి ఆ సూపు ఇక ఎవరికీ ఇవ్వవద్దంది. గోడమీది పలక నుంచి దాని పేరు తుడిపించింది.

వాసనతోనే ఎలా పట్టారని ఆమె అడిగితే షమీమ్ ఆగలేకపోయింది. ఈమె మా ఊళ్ళో ఫుడ్ ఆఫీసరని గొప్పగా చెప్పేసింది. ప్రేమ ఒక అడుగు వెనక్కి వేసింది. నా అధికారం నాకు నోటిఫై చేసిన ప్రాంతం వరకే, ఈ ఊళ్ళో నేను ఆకలేసిన మనిషిని మాత్రమేనని చెప్పించాను. ఆమె నవ్వింది. వంటగది చూస్తారా అని అడిగింది.

అక్కడ, పొయ్యి పక్కన, స్టీలు పాత్రలో నిగనిగలాడే ఎర్రటి ముద్ద కనబడింది. కొరియా వేపుళ్ళకు రంగు దానితోనే వస్తుందట. ఏ రంగు పొట్లం వాడతారని అడిగాను. ఆమె మూలనున్న గోనెసంచి విప్పి చూపించింది. ముడతలు పడిన బ్యాడిగి మిరపకాయలు.

"అయ్యో, ఇవి మా హొళగుంద చేలల్లో పండేవే కదా!" అంది గిరిజ.

గింజలు తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, మెత్తగా రుబ్బి, విడిగా నూనెలో మగ్గించాలి. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. జనం గాజులోంచి చూస్తూ ఉంటారు కాబట్టి పొట్లం రంగు తన వంటగదిలోకి రానివ్వనని ప్రేమ అంది. షమీమ్ ప్రతి మాటా ఫోనులో రాసుకుంది. గిరిజ కోసం ప్రేమ వేరే గిన్నెలో, డబ్బా ముద్ద లేకుండా, సూపు కొత్తగా కాచి ఇచ్చింది. గిరిజ గిన్నె ఖాళీ చేసింది.

తిరిగి రాగానే కర్నూలు వెళ్ళి డిజిగ్నేటెడ్ ఆఫీసరును కలిశాను. కేసులకు ముందు సవరణ నోటీసు ఇచ్చి పదిహేను రోజుల గడువు ఇవ్వమన్నాను. ఆయన కోపపడలేదు. ఆ పదిహేను రోజుల్లో ఆ రంగు తిని ఎవరికైనా ఏమైనా అయితే సమాధానం ఎవరిదని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆరు బండ్లలోని రంగు పొట్లాలు ఆ రోజే స్వాధీనం చేసుకుంటానని, గడువు ముగిసేదాకా ఎర్ర వంటకాలు ఆపిస్తానని, రోజూ తనిఖీ చేస్తానని, బాధ్యత నాదేనని రాసిచ్చాక ఆయన ఒప్పుకున్నారు. రిటైరయ్యే ముందు ఇదెందుకు నెత్తికెత్తుకున్నావని తోటి ఆఫీసర్లు అన్నారు.

నోటీసులు ఇచ్చి, పొట్లాలు స్వాధీనం చేసుకున్నాక ఒక మధ్యాహ్నం ఆరు బండ్లవాళ్ళనూ ఈరన్న బండి దగ్గరికి పిలిచాను. షమీమ్, గిరిజ కూడా వచ్చారు. బ్యాడిగి ముద్ద రుబ్బి తెచ్చాం. నేనే గరిటె పట్టి, ఎగసిపడుతున్న మంట మీది బాణలిలో గోబీతో పాటు ముద్ద వేశాను. చూస్తుండగానే నల్లబడింది. ఘాటుకు అందరూ దగ్గారు.

"ఇది మంచూరియా కాదు మేడమ్, మసి" అన్నాడు ఒకాయన. ఇద్దరు వెనక్కి తిరిగి పోబోయారు. నేను గరిటె పక్కన పెట్టాను.

షమీమ్ ఫోను తెరిచి చదివింది. "విడిగా మగ్గించాల అని సెప్పింది అక్కా ఆమె. నువ్వు అంతా ఒకే దాంట్లో ఏసినావు."

ఈరన్న ముందుకొచ్చి మిగిలిన ముద్దను వేలితో తాకి చూశాడు. "నూలుకైనా అంతే. మంట ఎక్కువైతే రంగు సస్తాది. నేను సేస్తా, ఇట్ల ఇయ్యండి." చిన్న బాణలిలో నూనె వేసి, మంట బాగా తగ్గించి, నూనె పైకి తేలేదాకా ముద్దను కలుపుతూనే ఉన్నాడు. గోబీ విడిగా వేయించి, పొయ్యి ఆర్పేసి, అప్పుడు రెండూ కలిపాడు. పొట్లం ఎరుపు రాలేదు. కాల్చిన ఇటుక ఎరుపు వచ్చింది, మెరుపుతో. పోబోయిన ఇద్దరూ ప్లేటు అందుకున్నారు. గిరిజ రెండో ప్లేటు అడిగింది.

గడువు ముగిశాక ఎర్ర మంచూరియా మళ్ళీ అమ్మకానికి వచ్చింది. మొదటి వారం గిరాకీ తగ్గిన మాట నిజం. రంగు ఎందుకు మారిందని వచ్చినవాళ్ళంతా అడిగారు. అప్పుడు సుంకులమ్మ ఒక పని చేసింది. నానబెట్టిన బ్యాడిగి కాయల పళ్ళెం బండి ముందు పెట్టింది. అడిగినవాళ్ళకు, "ఇదో, దీనిదే రంగు. మీ పిల్లోళ్ళకు పెట్టుకోండి, భయం లే" అని చూపించేది. నెల తిరక్కముందే మరో నాలుగు బండ్ల ముందు కూడా పళ్ళేలు కనబడ్డాయి.

ముందుగా చెప్పకుండా వెళ్ళి లీగల్ శాంపిళ్ళు తీశాను. సాక్షి సంతకం, బండి యజమాని సంతకం, నాలుగు భాగాలు, నాలుగు సీళ్ళు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు వెళుతుంది. పద్నాలుగు రోజుల్లో నివేదిక రావాలి. ఈరన్న బండి దగ్గర ప్రతి సీలునూ రెండుసార్లు సరిచూసుకున్నాను. అతను గిన్నె నా వైపు జరిపాడు. "తీసుకోండి మేడమ్, ఇంకా కావాల్నంటే ఇంకా తీసుకోండి" అన్నాడు.

ఐదు బండ్లకు దోషం లేదని వచ్చింది. ఆరో బండిలో అదే పాత రంగు. అతని మీద కేసు కట్టాను, కోర్టులో సాక్ష్యం చెప్పాను, శిక్ష పడింది. దాని గురించి నాకు విచారం లేదు.

ఈరన్న నివేదిక నకలు అడిగి తీసుకుని, ల్యామినేషన్ చేయించి బండికి తగిలించాడు. జిల్లా సమీక్షలో డిజిగ్నేటెడ్ ఆఫీసరు నన్ను నిలబెట్టి, ఎమ్మిగనూరులో ఏం చేశారో మిగతా డివిజన్ల వాళ్ళకు చెప్పమన్నారు. బాణలి మాడిన సంగతితో సహా చెప్పాను. నవ్వారు, తర్వాత రాసుకున్నారు. ఆ రోజు హాల్లోంచి బయటికి వస్తూ నేను తల ఎత్తుకునే నడిచాను. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా ఆ గర్వం దాచుకోవాలని అనిపించడం లేదు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా నేను ముసాయిదా చేసిన ప్రతి సవరణ నోటీసులోనూ రెండు పేరాలు ఉండేవి. ఏం చేయకూడదో మొదటిది చెప్పేది. దాని బదులు ఎలా చేయవచ్చో రెండోది చెప్పేది. రెండో పేరా రాయడం నాకు తెలియకపోతే, తెలిసినవాళ్ళను వెతికి అడిగిన తర్వాతే కాగితం కర్నూలుకు పంపేదాన్ని.