లేని గడప

సాఫ్ట్‌వేర్ కొలువుల జోరులో మొయినాబాద్‌లో అన్న కొత్త ఇల్లు కట్టించాడు. గోడలకు రంగు లేదు, అంతా పచ్చి కాంక్రీటే. నున్నటి సిమెంటు నేల గదుల్లోంచి వాకిట్లోకి ఒకే మట్టంగా సాగేది. ఆర్కిటెక్టు గడప కూడా పెట్టలేదు.

మొదటి శుక్రవారం అమ్మ పసుపు గిన్నెతో తలుపు దగ్గర నిలబడిపోయింది.

"గడప లేకుంటే లక్ష్మి ఏడ నిలవడ్తదిరా?"

"గిది మోడ్రన్ డిజైనమ్మా" అన్నాడు అన్న.

అమ్మ వినలేదు. తలుపు కింద నేల మీదే అడ్డంగా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. నాకు ఒళ్లు మండింది. మరక పోదని నెత్తీ నోరూ బాదుకున్నాను.

ఆదివారం ఫొటోలు తీసుకోవడానికి ఆర్కిటెక్టు వచ్చాడు. కెమెరా చేతిలో, చూపు గోడల మీద. తలుపు దగ్గరికి రాగానే చెప్పులు విడిచి, కాలెత్తి, లేని గడప దాటి లోపలికొచ్చాడు.