రెండొందల యాభై గ్రాముల లోపు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే మొదటి రెండు జీతాలు పోసి చిన్న డ్రోన్ కొనుక్కున్న ఆ రోజుల్లో, ప్రపంచంలో జరిగే పొరపాట్లన్నీ జాబితా రాసుకోనివాళ్ల వల్లే జరుగుతాయని నా గట్టి నమ్మకం. ఇంజనీరింగ్ చదివి వీడు నేర్చుకున్నది అదొక్కటేనని మా పెద్దనాన్న (తాడేపల్లిగూడెంలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు) ఇప్పటికీ అంటూ ఉంటారు. పెళ్లికి వెళ్లాలన్నా జాబితా రాసేవాణ్ణి. అలాంటిది పెద్దనాన్ననీ పెద్దమ్మనీ వెంటబెట్టుకుని, సంచిలో డ్రోన్ పెట్టుకుని విదేశం వెళ్లడమంటే ఇక చూసుకోండి. (ఏ దేశమో చెప్పను. నన్ను మళ్లీ రానివ్వాలి కదా.)

డ్రోన్ పెద్దమ్మ కోసమే. ఆవిడ పుట్టిల్లు కొల్లేటి ఒడ్డున. "పిట్టలకి మన కొల్లేరు పైనుంచి ఎలా కనపడుద్దిరా?" అని ఓసారి అడిగింది. అది పక్షుల అభయారణ్యం, అక్కడ డ్రోన్లు ఎగరెయ్యకూడదని నిబంధన చదివి వినిపించాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. మేం వెళ్లే చోట కొండకవతల ఇంకా పెద్ద సరస్సుందనీ, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కే పని లేకుండా కిందే కూర్చోబెట్టి తెరమీద చూపిస్తాననీ మాటిచ్చాను. ఆ మాట మర్నాటికల్లా వీధంతా తెలిసిపోయింది.

ఆ దేశపు నిబంధనలన్నీ చదివి జాబితా చేశాను. బ్యాటరీలు చేతిసంచిలోనే. జనం నెత్తిమీద ఎగరెయ్యకూడదు. మూడోది, అన్నిటికన్నా ముఖ్యం: బరువు రెండొందల యాభై గ్రాములు దాటితే వారం ముందే నమోదు చేయించుకోవాలి, లోపయితే పార్కు ఆఫీసులో చూపించి ఎగరేసుకోవచ్చు. బంగారం కొట్టుకి పట్టుకెళ్లి తూయించాను. రెండొందల నలభై ఎనిమిది. టిక్కు పెట్టాను. నాలుగోది, యజమాని పేరూ ఫోన్ నంబరూ డ్రోన్ మీద ఉండాలి. ఏలూరులో బళ్లకి నంబరు ప్లేట్లు చేసే ఆయన చేత బుల్లి ప్లాస్టిక్ పలక చెక్కించి, జన్మలో ఊడని జిగురుతో అంటించాను. దానికీ టిక్కు.

ప్రయాణానికి ముందు ద్వారకా తిరుమల వెళ్లాం. డ్రోన్‌కి వాహనపూజ చేయిద్దామంది పెద్దమ్మ. ఇది వాహనం కాదు, యంత్రం అన్నాను.

"ఎగిరేది వాహనం కాదంటావేంట్రా? స్వామివారి వాహనం ఎగరదా ఏంటి?"

గరుత్మంతుడి దాకా వచ్చేసరికి నేను ప్రసాదం వరసలోకి తప్పుకున్నాను. డ్రోన్ సంచి ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

పార్కు ఆఫీసులో కౌంటరు వెనకున్న అమ్మాయికి, వాళ్ల దేశపు నిబంధనలు నేనే కాసేపు వివరించాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, డ్రోన్‌ని కాటామీద పెట్టింది. రెండొందల యాభై అయిదు. మీ కాటా సరిగా లేదేమో చూడండని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పాను. ఆ అమ్మాయి డ్రోన్‌ని వెల్లకిలా తిప్పింది. పొట్టకి పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు, పెళ్లికూతురికి వేసినట్టు మూడు ముళ్లతో. చుట్టూ గంధం, కుంకుమ బొట్లు.

మా వెనక వరసలో జనం ఉన్నారు. "నిన్ను తీసుకురావడమే నేను చేసిన తప్పు పెద్దమ్మా" అన్నాను. తెలుగులోనే అన్నాను గానీ కసురుకోడానికి భాషతో పనేముంది, వరసంతా ఇటు తిరిగింది. ఆవిడ డ్రోన్ అందుకుంది. ముళ్లు విప్పి, పసుపుకొమ్ము కొంగున కట్టుకుని, బొట్లన్నీ అదే కొంగుతో తుడిచింది.

"ఇప్పుడు తూచమనండి" అంది, పెద్దనాన్నతో. నాతో కాదు.

రెండొందల యాభై ఒకటి.

పెద్దనాన్న కాటావంకా నా వంకా చూశారు. "అబ్బాయ్, నీ పేరు పలక అంటించింది తూచాకా, తూచకముందా?"

తూకం మూడో అంశం, పలక నాలుగో అంశం. టిక్కులు రెండూ వరస తప్పకుండా పెట్టుకున్నాను. ఆ పలక ఊడదు. ఊడినా, పేరు లేని డ్రోన్ ఎగరెయ్యకూడదు. ఆ అమ్మాయి డ్రోన్‌ని రెండు చేతులతో తిరిగి నాకిచ్చింది.

పెద్దమ్మ ముఖం చూడలేక, పైకెళ్లి ఫోన్లో చూపిస్తానని చెప్పి, ఆ మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కాను. పెద్దనాన్న ఫోన్‌కి వీడియో కాల్ చేశాను. ఎండకి నా తెరమీద ఏమీ కనపడలేదు. ఫోన్‌ని సరస్సువైపు చాపి పట్టుకుని, అదిగో లంకలు, అవిగో పడవలు, అవి కొంగలే అనుకుంటా, అచ్చం మన కొల్లేరే అంటూ వర్ణించాను. అవతల ఆవిడ ఊఁ కొడుతూనే ఉంది.

"చాలా బాగుందిరా" అంది ఆఖర్న. "చెమట తుడుచుకో."

సగం మెట్లు దిగాక గాని నాకు తట్టలేదు, నాకు చెమట పట్టినట్టు ఆవిడకెలా తెలిసిందని. ఆ కాల్ అంతసేపూ నడిచింది ముందు కెమెరాతో. సరస్సు వైపు తిరిగి ఉన్నది ఫోన్ వీపు.

ఆ రోజు నుంచి నా జాబితాల్లో తూకం చివరికి వెళ్లింది. దానికింద ఇంకో అంశం ఉంటుంది, పెద్దమ్మకి క్షమాపణ చెప్పడం. అది ఇప్పటికి ఎన్ని జాబితాల్లోకి మారిందో. గూడెం వెళ్లినప్పుడల్లా గొంతు సవరించుకుని, "పెద్దమ్మా, ఆ రోజు..." అని మొదలుపెడతాను.

"ముందు చెమట తుడుచుకో" అంటుంది.