తేయాకు తోట కింది ఊట

సరదాగా చేసిన ప్రయాణం కాదిది. ఢిల్లీలో మా వార్డు ఆయా సునీత కాన్పుకని కొండల్లో ఉన్న పాలంపూర్ పుట్టింటికి వెళ్లింది. తనకి పాలు పడక, ఊళ్లో తేయాకు తోట కింది ఊటనీళ్లతో పిల్లకి డబ్బాపాలు కలిపి పడుతున్నానని ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, "నీళ్లు బాగా మరిగించు" అన్నాను. నర్సులందరి నోట్లో నానిన మాటే. వారానికి మళ్లీ చేసి, పిల్ల పెదాలు నీలంగా ఉంటున్నాయంది. "ఆస్పత్రిలో చూపించు. నీళ్లు మాత్రం ఇంకాసేపు మరిగించు" అన్నాను.

మర్నాడు మా డాక్టరుగారితో ఈ సంగతి చెప్పాను. ఆయనది వరంగల్. "తేయాకు తోట కింది నీళ్లా సిస్టర్? మరిగిస్తే క్రిములు చస్తయ్, ఎరువు యాడికి పోతది? నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కనైతది. పసిపిల్లల రక్తానికి అది విషం" అన్నారు. తిరిగి ఫోన్ చేద్దామంటే నంబరు లేదు.

సాయంత్రం ఆరున్నరకి కశ్మీరీ గేట్‌లో బస్సెక్కాను. టికెట్ మూడు వందల చిల్లర. దారిలో ముర్తల్ దాబా దగ్గర బస్సు ఆగితే, పరాఠా ముందు పెట్టుకుని తినలేకపోయాను. పొద్దున ఆరింటికి పాలంపూర్‌లో దిగితే కొండలు మబ్బులో ఉన్నాయి. బస్టాండులో షేర్ జీపులు దొరుకుతాయి, ఊరికి ఇరవై నిమిషాలు.

సునీత వాళ్లమ్మ ఆ తోటలోనే కూలి. ఊట చూపించి, "వానల ముందు ఎరువు మేమే చల్లుతాం బేటీ. వాన పడితే కొట్టుకొచ్చేది ఇటే" అంది. ఇంట్లో పొయ్యి మీద గిన్నె కుతకుతమంటోంది.

"మీరు చెప్పినట్టే దీదీ, ఒక్క పూట మానలేదు," అంది సునీత.

గిన్నె దించి పారబోశాను. పదింటికల్లా కాంగ్రాలో పెద్దాసుపత్రికి చేరాం. పరీక్షకి తీసిన పిల్ల రక్తం గోధుమరంగుకి తిరిగి ఉంది. సూదిమందు పడిన గంటకి పెదాల్లో ఎరుపు కనిపించింది. వరండాలో కూర్చుని ఏడ్చేశాను. నా మాట వల్లే ఇలా అయిందని సునీతకి చెప్పాను. ఆమె లేచి పిల్ల దగ్గరికి వెళ్లింది.

మర్నాడు ఢిల్లీ బస్సులో, పరీక్షకి పట్టిన ఊటనీళ్ల సీసా నా ఒళ్లో ఉంది. పక్కసీటు ముసలావిడ బీపీ బిళ్ల అరచేతిలో పెట్టుకుని, "రెండు గుక్కలు ఇవ్వు బేటీ" అంది.

"ఇవి తాగేవి కావమ్మా."

"ఇంత తేటగా ఉన్నాయే!"

బిళ్ల పట్టుకున్న మనిషికి నీళ్లు లేవనడం నా ఉద్యోగంలో అదే మొదలు. ఊనాలో బస్సు ఆగితే దిగి కొత్త నీళ్ల సీసా కొనుక్కొచ్చేసరికి, ఆవిడ బిళ్లని ఒట్టిగానే మింగేసింది.