పిడికిట్లో కారం

ఇవాళ పొద్దున ఆఫీసుకు రాగానే శాంపిల్ సంచి మూతి విప్పి, గుప్పెడు కారం తీసి పిడికిలి బిగించాను. నిజానికి ఇప్పుడు నా హోదాకు ఆ పని అక్కర్లేదు. పరీక్ష చేసేవాళ్లు వేరే ఉన్నారు, రిపోర్టు వస్తుంది, దాని కింద సంతకం పెడితే నా బాధ్యత తీరిపోతుంది. అయినా చెయ్యి ఊరుకోదు. పిడికిలి విప్పితే నా వేళ్ల అచ్చులతో సహా కారం ముద్దగా నిలబడి ఉంది. రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా అరచెయ్యి మంట తగ్గలేదు, పైగా మర్చిపోయి కన్ను నులుముకున్నాను. ఆ కారం తెచ్చిన భార్యాభర్తలు బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ప్రభుత్వానికి సరుకు ఇవ్వడం వాళ్లకిదే మొదటిసారి. వాళ్లను పిలవకుండా, మండుతున్న కన్ను మూసుకుని, కాసేపు మస్తాన్‌బీ గారి గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను.

తొంభైల చివర్లో నేను గుంటూరులో ఒక జిల్లా కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు ఆవిడ కొనుగోళ్ల సెక్షనుకు సూపరింటెండెంటు. జిల్లాలోని ప్రభుత్వ హాస్టళ్లకు కావలసిన పప్పు, కారం, చింతపండు, దుప్పట్లు, తువ్వాళ్లు మా సెక్షనే కొనేది. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, చేతికి మగవాళ్ల వాచీ. మెల్లగా మాట్లాడటం ఆవిడకు చేతకాదు. రహస్యం చెప్పినా పక్క గదిలో వినపడేది. కొనుగోళ్ల సెక్షన్లో పడ్డానని తెలిసి ఒంగోలులో మా చుట్టాలు కొందరు "పంట పండిందిరా నీకు" అని కన్నుగీటారు. ఆ పంట సంగతి ఆవిడ మొదటిరోజే తేల్చేశారు. "చూడు ప్రసాదూ, సప్లయర్ల దగ్గర టీ కూడా తాగకూడదు. దాహమైతే మంచినీళ్లు. అవీ మన మరచెంబులోవే" అన్నారు. ఆ మరచెంబు జీపులో ఆవిడ పక్కనే, ఇంకో ఉద్యోగిలాగా ప్రయాణం చేసేది.

చేరిన కొత్తలో నాకప్పగించిన పని సప్లయర్ల జాబితా సరిచూడటం. కాగితం మీద మాకు బోలెడుమంది సప్లయర్లు ఉన్నారు. ఆవిడ ఆ రిజిస్టరులో ఎర్ర సిరాతో కొత్త గడి ఒకటి గీసి, పైన "కలిశామా?" అని రాశారు. ఇక ఇద్దరం జీపేసుకుని బయలుదేరాం. దుప్పట్లు సరఫరా చేసే ఒక పెద్ద సంస్థ చిరునామా వెతుక్కుంటూ పోతే సినిమా హాలు సైకిల్ స్టాండు వచ్చింది. అక్కడి కాపలా మనిషి మమ్మల్ని ఎగాదిగా చూసి, "దుప్పట్లా? ఇంటర్వెల్లో శనక్కాయలు దొరుకుతాయండీ" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఇంకో వీధిలో నాలుగు పేర్లున్న నాలుగు సంస్థలూ ఒకే మనిషివి: ఒకటి తన పేరున, ఒకటి భార్య పేరున, ఒకటి బావమరిది పేరున, ఒకటి అప్పటికే పోయిన తండ్రి పేరున. నలుగురూ పోటీపడి ధరలు వేస్తున్నట్టు మా ఫైళ్లలో ఉండేది. పోటీ ఒకే వంటింట్లో జరిగేదన్నమాట.

తిరిగొస్తుంటే, ఆ సైకిల్ స్టాండు దగ్గర ఎందుకు నవ్వలేదని అడిగాను. మరచెంబు మూత తిప్పి బిగించారు. తర్వాత అన్నారు: "మా నాన్న దూది ఏకేవాడయ్యా. ఊళ్లో పెళ్లికీ పురుడికీ ఆయన కుట్టిన పరుపే. ఒకసారి ఆస్పత్రికి పరుపులు కావాలంటే పోయి అడిగాడు. జాబితాలో నీ పేరు లేదు పొమ్మన్నారు. పేరు ఎట్లా ఎక్కుతుందండీ అంటే ఎవరూ చెప్పలేదు. ఆయన మంచి పనివాడు. సైకిల్ స్టాండు పేరుంది చూడు, మా నాన్న పేరు లేదు." అంతకు మించి ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ ఏడు రిజిస్టరులో చాలా పేర్లు కొట్టేశాం. కొట్టేసిన చోట మంగళగిరి నేతపనివాళ్ల పేర్లు, వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే చిన్న కార్ఖానాల వాళ్ల పేర్లు చేరాయి. వాళ్లందరినీ కలిశాం.

అసలు కథ కారంతో వచ్చింది. మిరపకాయ పండే గడ్డ మీద మా హాస్టల్ పిల్లలు తినే కారం ఎక్కడో దూరం నుంచి లారీలో వచ్చేది. రంగు బ్రహ్మాండం, రుచి శూన్యం. నాకు చిన్నప్పటినుంచీ ఘాటు తగిలితే తుమ్ములు ఆగవు. ఆ శాంపిల్ ముక్కు దగ్గర పెట్టుకున్నా ఒక్క తుమ్మూ రాలేదంటే మీరే అర్థం చేసుకోండి. "ప్రసాదు ముక్కే మన ల్యాబ్" అని మేడం నవ్వేవారు. అప్పుడప్పుడే డ్వాక్రా మహిళా సంఘాలు ఊరూరా పుడుతున్నాయి. పెదకాకాని దాటి లోపలికి వెళితే వచ్చే ఒక ఊళ్లో కోటమ్మ అనే ఆవిడ నడిపే సంఘం కారం పట్టించి సంతల్లో అమ్ముతోంది. ఆ శాంపిల్ వచ్చిన రోజు నేను తుమ్మీ తుమ్మీ ఫైలు కింద పడేశాను. కానీ మా నిబంధన ప్రకారం సర్కారుకు మూడేళ్లు సరఫరా చేసినవాళ్లే టెండరు వెయ్యాలి. కొనుగోళ్ల కమిటీలో మేడం గొంతు వరండాలో ఉన్న నాకు వినిపించింది. "ఇదెక్కడి న్యాయమండీ? పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్నట్టుంది. కొంటేగా వాళ్లకు అనుభవం వచ్చేది!" వాదించి వాదించి, జిల్లాకంతా ఒకే టెండరు కాకుండా ముక్కలుగా విడగొట్టించి, చిన్న ముక్కలకు ఆ అనుభవం షరతు తీసేయించారు. అకౌంట్స్ ఆఫీసరు గారు మాత్రం, "సరే మేడం, తేడా వస్తే మాట మీకే" అన్నారు.

తేడా రానే వచ్చింది. తక్కువ ధరకు కోటమ్మ సంఘానికి ఒక ముక్క దక్కింది. సంచులకు పసుపు బొట్లు పెట్టి మరీ ట్రాక్టరు మీద తెచ్చారు. వెనక ఆడవాళ్లంతా కొత్త చీరల్లో, పెళ్లివారిలా దిగారు. మేడం ఒక సంచి విప్పించి గుప్పెడు కారం తీసి పిడికిలి బిగించారు. విప్పితే అది ముద్దగా నిలబడింది. ఇంకో సంచి, మరో సంచి, అన్నీ అంతే. అడుగున ఉండలు కట్టి ముక్కవాసన కూడా మొదలైంది. తిప్పి పంపితే కోటమ్మ సంఘం పేరు పోతుంది, ఆ దారిన రాబోయే సంఘాలన్నిటికీ తలుపు మూసుకుపోతుంది, మేడం మాట పోతుంది. ఉంచుకుంటే అది పిల్లల కంచాల్లోకి వెళుతుంది. చూసీ చూడనట్టు పోతే బాగుండునని నేను నోరు తెరిచి అన్నాను కూడా. ఆవిడ నావైపు చూడనైనా చూడలేదు.

మా ఆఫీసులో సరుకు తిప్పిపంపడానికి ఇంగ్లీషులో ఒక రబ్బరు ముద్ర ఉండేది. టప్‌మని వేస్తే అయిపోయేది. ఎందుకు పంపారో అవతలివాడు ఊహించుకోవలసిందే. మేడం ఆ ముద్ర ముట్టుకోలేదు. తెల్లకాగితం తీసుకుని తెలుగులో రాశారు: తేమ ఎక్కువగా ఉంది, ఉండలు కట్టింది, వాసన వస్తోంది, కాయ మళ్లీ ఎండబెట్టి పట్టించి గడువులోగా తెస్తే తీసుకుంటాం. కుర్చీలోంచి లేచి, బయటికి వెళ్లి, ఎండలో నిలబడి అందరికీ వినపడేలా చదివారు.

కోటమ్మ ముఖం కందగడ్డయింది. "ఏందమ్మా ఇది? రమ్మని పిలిచిందీ మీరే, గుమ్మంలో నిలబెట్టి పరువు తీసేదీ మీరేనా? ఊళ్లో మొహం ఎట్టా చూపించాల?"

"కోటమ్మా, చెయ్యి పట్టు" అని మేడం ఆమె అరచేతిలో కారం పోశారు. "బిగించు. ఇప్పుడు విప్పి చూడు. నీ పిల్లలకు ఇది వేసి అన్నం పెడతావా?"

కోటమ్మ ఆ ముద్దను వాసన చూసింది.

"మిమ్మల్ని చూసి జాలిపడి తీసుకున్నాననుకో, రేపట్నుంచి మీరు సప్లయర్లు కారు. నేను సాకేవాళ్లవుతారు. అది నీకు సమ్మతమేనా?"

"కాదు" అంది కోటమ్మ. కోపం తగ్గలేదు గానీ, కాదనే అంది.

మర్నాడు కమిటీలో అకౌంట్స్ ఆఫీసరు గారు చిరునవ్వుతో వచ్చారు. జాబితాలోంచి సంఘం పేరు తీసేద్దామన్నారు. మేడం ఒకే ప్రశ్న అడిగారు. "నిరుడు ఆ పెద్ద సప్లయరు పంపిన కందిపప్పులో పురుగులొస్తే మనమేం చేశామండీ?" "మార్చి ఇమ్మన్నాం." "పేరు తీశామా?" ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "వాళ్లకిచ్చిన గడువే వీళ్లకీ. ఒక రోజు ఎక్కువ వద్దు, తక్కువా వద్దు" అని ఆవిడ లేచిపోయారు. నాకు ఆవిడ మీద అప్పటిదాకా ఉన్నది భయం. ఆ గదిలో అది గౌరవమైంది.

ఆ వారమే కోటమ్మ వాళ్ల ఊరికి వెళ్లాం. తేమ ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. మరలో తప్పేమో, గోనెసంచుల్లో తప్పేమో అంటున్నారు. మేడం చాపమీద వాళ్లతో పాటు కూర్చుని అడిగారు. "కాయ ఎక్కడిది?"

"మా కల్లాల్లోదేనమ్మా. మిర్చి యార్డులో అమ్మాలని కట్టిన బస్తాల్లోంచి తీశాం."

"నీళ్లు చల్లారా?"

"చల్లకపోతే కాయ విరిగిపోదూ? యార్డుకు పోయే కాయకు ఎవురైనా చల్లుతారుగా..." అంటూనే కోటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్లందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వడం మొదలుపెట్టారు. మా ప్రాంతంలో అది తరాల అలవాటు. విరక్కుండా చల్లామంటారు, తూకానికీ పనికొస్తుందని మాత్రం పైకి అనరు. అమ్మే కాయకు చల్లిన నీళ్లు తామే పట్టించుకునే కారంలోకి వస్తాయని ఎవరికీ తోచలేదు. కోటమ్మ కాఫీ తెస్తే మేడం వద్దని మరచెంబు ఎత్తారు. "మా ఇంట్లో నీళ్లు కూడా పనికిరావా?" అని ఆమె చిన్నబుచ్చుకుంది. "సప్లయర్లు కదా" అన్నారు మేడం. ఆ మాటలో ఉన్న గౌరవం కోటమ్మకు అప్పుడు అందిందో లేదో నాకు తెలియదు.

రెండోసారి వచ్చిన కారం వేళ్ల సందుల్లోంచి ఇసుకలా జారింది. నేను తుమ్మాను. ఆ సంఘం పేరు ఆ తర్వాత జాబితాలోంచి పోలేదు, దాని వెనకే ఇంకొన్ని సంఘాలు వచ్చాయి.

మేడం రిటైరైన రోజు దండలూ ఉపన్యాసాలూ అయ్యాక గేటు దాటుతుంటే కోటమ్మ రోడ్డు పక్కన నిలబడి ఉంది. లోపలికి రాలేదట, ఆఫీసు టైము అయ్యేదాకా అక్కడే ఆగిందట. చేతిలో గుడ్డమూట. "ఇప్పుడు మీరు ఆఫీసరు కాదుగా. ఇప్పుడు తీసుకోవచ్చుగా?" అంది. మేడం మూట అందుకున్నారు. సంచిలో పెట్టుకుంటారనుకున్నాం. అక్కడే ముడి విప్పి గుప్పెడు తీసి పిడికిలి బిగించారు. విప్పేసరికి కారమంతా కొత్త పట్టుచీర మీద జలజలా రాలింది.

"అమ్మా, ఇంకా నమ్మకం కుదర్లేదా?" అని కోటమ్మ నవ్వింది.

"నమ్మకం ఉండబట్టే అందరి ముందూ పట్టాను" అన్నారు మేడం. తర్వాత ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పద, ఎదురుగా బడ్డీకొట్లో టీ ఇప్పించు" అన్నారు. మా కళ్లల్లో నీళ్లు కారం వల్లనేనని అందరం అన్నాం. నేను మాత్రం అబద్ధమే చెప్పాను.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. మా ఆఫీసులో ఇప్పుడు రబ్బరు ముద్ర లేదు, కంప్యూటరుంది. "నాణ్యత లేదు" అన్న మాట మీద నొక్కితే చాలు, అవతలివాళ్లకు ఫోనులో సందేశం పోతుంది. ఎదురుగా నిలబడి ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. ఇవాళ పొద్దున వేలు దాని మీదే పెట్టి కూర్చున్నాను. అరచెయ్యి ఇంకా మండుతూనే ఉంది. శాంపిల్ సంచి చేత్తో పట్టుకుని లేచి వరండాలోకి వెళ్లాను. నన్ను చూసి ఆ భార్యాభర్తలిద్దరూ గాభరాగా నిలబడ్డారు.

"ఏమ్మా, చెయ్యి పట్టు" అన్నాను. ఆమె అరచేతిలో గుప్పెడు కారం పోసి, "బిగించు" అన్నాను. విప్పింది. ఆ ముద్దను చూసుకుంది, మొగుణ్ని చూసింది, చివరికి నన్ను చూసింది.

"మళ్లీ తేవచ్చాండీ?"

"తేవాలి" అన్నాను.